మళ్లీ స్కార్ఫ్ కట్టాలనుకునేవాళ్లకి: స్కౌట్ మాస్టర్ బేసిక్ కోర్సు ఎలా ఉంటుందంటే

బడిలో స్కౌట్‌గా రాష్ట్రస్థాయి రాజ్యపురస్కార్ అవార్డు దాకా వెళ్లి, ఇంటర్‌లో చేరగానే స్కార్ఫ్‌ని ట్రంకుపెట్టె అడుక్కి తోసేసినవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత ఏ హెడ్‌మాస్టరో "యూనిట్ ఉందండీ, నడిపే మనిషే లేడు" అన్నప్పుడు వీళ్లకి పాత విజిల్ గుర్తొస్తుంది. చిన్నప్పటి సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా, పెద్దయ్యాక యూనిట్ చేతికి రావాలంటే భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో దారి ఒక్కటే. ఏడు రోజుల బేసిక్ కోర్సు, అదీ క్యాంపులో ఉండి చెయ్యాలి. స్కౌట్ విభాగానికి పెట్టే ఆ కోర్సు గురించే ఈ సమీక్ష.

ముందే చెప్పేస్తే మంచిది. చేతిపనులు నేర్పడంలో కోర్సు బాగుంది. చిన్న జట్లుగా పనిచేసే పాట్రోల్ పద్ధతిని ఒంటికి పట్టించడంలో ఇంకా బాగుంది. ఎనిమిదో రోజు ఇంటికొచ్చి, వచ్చే శనివారం పిల్లల ముందు నిలబడి ఏం చెయ్యాలన్న దగ్గరే చెయ్యి వదిలేస్తుంది. కోర్సు చేసి కూడా యూనిట్ నడపలేకపోయేవాళ్లు సాధారణంగా తట్టుకుని పడేది అక్కడే.

చేరే ముందు ఏ సంస్థో చూసుకోండి. పేరులో "స్కౌట్స్ అండ్ గైడ్స్" ఉన్న సంస్థలు దేశంలో ఒకటికి మించి ఉన్నాయి. ప్రపంచ స్కౌట్ సంస్థలో సభ్యత్వం ఉన్నది మాత్రం 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌కే. గర్ల్ గైడ్స్ 1951లో వచ్చి ఇందులో కలిశారు. రైల్వేలూ, కేంద్రీయ విద్యాలయ సంఘటనూ ఈ సంస్థ లెక్కలో విడివిడి రాష్ట్రాలు. కాబట్టి సికింద్రాబాదులో ఉండే మనిషి తెలంగాణ శాఖ నుంచైనా రావచ్చు, దక్షిణ మధ్య రైల్వే శాఖ నుంచైనా రావచ్చు. ఏ గ్రూపులో పనిచేస్తారో దాన్నిబట్టి ఉంటుంది. టీచరు ఉద్యోగం లేనివాళ్లు తమకి దారి లేదనుకుంటారు గానీ, బడితో సంబంధం లేకుండా నడిచే ఓపెన్ గ్రూపులు అలాంటివాళ్ల కోసమే ఉన్నాయి. రైల్వే కాలనీల వైపు ముందు వాకబు చెయ్యండి. గ్రూపు దొరికాక, దాని సిఫారసుతో జిల్లా శాఖ ద్వారా కోర్సుకి పేరు వెళ్తుంది. ఆన్‌లైన్ సభ్యత్వ నమోదు కూడా ఉంటుంది. అందులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా రాస్తే సర్టిఫికెట్ మీద ఆ తప్పు అలాగే అచ్చవుతుంది, తర్వాత దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి.

విభాగం ఎంచుకోవడంలోనూ ఒక పొరపాటు జరుగుతుంటుంది. పాత స్కౌట్ అనగానే కళ్లు మూసుకుని స్కౌట్ విభాగమే రాసేస్తారు. మీకు దొరికే పిల్లలు మూడో తరగతివాళ్లయితే మీకు కావాల్సింది కబ్ మాస్టర్ కోర్సు. అక్కడ గెడల్ని తాళ్లతో బిగించే లాషింగులూ, వాటితో గేట్లూ మంచెలూ కట్టే పయనీరింగూ ఉండవు. కథలు, ఆటలు, జంగిల్ డాన్సులు ఉంటాయి. పదేళ్లు దాటిన మగపిల్లలైతేనే స్కౌట్ ట్రూప్. ఆడపిల్లల యూనిట్లకి గైడ్ కెప్టెన్‌గా మహిళలే ఉండాలి, ఆ కోర్సు వేరు.

సామాను జాబితా సర్క్యులర్లోనే ఉంటుంది. అందులో లేని సంగతులు కొన్ని. యూనిఫాం స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు, నీలం బెరే టోపీ. ఊళ్లో టైలరుకిస్తే భుజాల మీద పట్టీలు మర్చిపోతాడు, లేదంటే జేబులకి మూతలు కుట్టడు. మొదటి రోజు ఇన్‌స్పెక్షన్‌లో ఈ రెండే ముందు దొరికిపోతాయి. పాత చొక్కా ఫొటో ఒకటి టైలరు చేతిలో పెట్టండి. బ్యాడ్జీలు, బెల్టు బకిల్, గ్రూపు స్కార్ఫు రాష్ట్ర కార్యాలయంలోని స్కౌట్ షాపులోనే కొనాలి. బజారులో దొరికే బకిల్ కొక్కెం పరుగెడుతుంటే ఊడిపోతుంది. రెండు జతలు తప్పనిసరి, మూడు ఉంటే హాయి. ఏప్రిల్, మే కోర్సులకి వెళ్తే మధ్యాహ్నానికే చొక్కా ఉప్పు చారలు కడుతుంది.

స్కార్ఫుని ప్రథమ చికిత్సలో కట్టుగా వాడొచ్చని చిన్నప్పుడు నేర్చుకున్నదే. కానీ మన స్కార్ఫు రెండు భుజాలూ 70 నుంచి 80 సెంటీమీటర్లే. విరిగిన చేతికి జోలె కట్టే త్రికోణపు కట్టుకి మీటరు చదరపు గుడ్డని ఐమూలగా కోసిన ముక్క కావాలి. పదేళ్ల పిల్లాడికి స్కార్ఫు సరిపోతుంది, పెద్దవాడి చేతికి మెడ వెనక ముడి అందదు. కాబట్టి మీటరు మల్లు గుడ్డ విడిగా తీసుకెళ్లండి.

కోర్సులో అన్నిటికంటే విలువైన భాగం సిలబస్ కాగితంలో ఒక్క పంక్తిగా ఉంటుంది: పాట్రోల్ పద్ధతి. మొదటి రోజే ఆరుగురు, ఎనిమిది మంది చొప్పున పాట్రోల్స్ చేసి, ఒక జంతువో పక్షో పేరు పెట్టి, ఒక జెండా, ఒక అరుపు ఇస్తారు. ఇక ఏడు రోజులూ మీరు పన్నెండేళ్ల పిల్లాడే. బయట ప్రిన్సిపాలైనా సరే, వంతు వచ్చిన రోజు గిన్నెలు తోమాల్సిందే. పాట్రోల్ లీడర్ బాధ్యత వంతులవారీగా మారుతుంటుంది. పాత స్కౌట్లకి కష్టంగా ఉండేది ఇక్కడే. "మా రోజుల్లో ఇలా కట్టేవాళ్లం కాదు" అంటూ ఇతరుల చేతుల్లోంచి తాడు లాక్కునే మనిషి ప్రతి కోర్సులో ఒకడు తగులుతాడు. శిక్షకులు వెంటనే ఏమీ అనరు. మూడో రోజుకి ఆ పాట్రోల్ గుడారం మిగతావాటి కంటే వెనకబడి ఉంటుంది, కారణం అందరికీ కనబడుతూనే ఉంటుంది. పని తను చేసెయ్యకుండా చేయించే విద్య పుస్తకంలో చదివితే అబ్బదు. ఈ ఒక్కదానికే ఏడు రోజులు పెట్టొచ్చు.

ముడుల సంగతి. రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బోలైన్, షీప్ షాంక్, ఫిషర్‌మన్స్ నాట్ స్కౌటు తొలి పరీక్షల్లో ఒకటైన ప్రథమ సోపాన్‌లోవే కాబట్టి చేతులకి గుర్తుంటాయి. చేతులు మర్చిపోకపోవడమే చిక్కు. కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి అని పాడుకుంటూ రీఫ్ నాట్ కట్టేసి, దానితోనే రెండు తాళ్లు కలిపి బరువు వేలాడదీసేవాళ్లున్నారు. కట్టు కట్టడానికీ పొట్లం కట్టడానికీ రీఫ్ నాట్ మంచిదే. బరువు మోసే తాళ్లు కలపడానికి పనికిరాదు, కొస ఒకవైపు లాగితే జారిపోతుంది. లావు తేడా ఉన్న తాళ్లకి షీట్ బెండ్, మనిషి నడుముకి కట్టాల్సి వస్తే బోలైన్. ఈ తేడాని శిక్షకులు కట్టి చూపించి, లాగి చూపించి చెబుతారు. ఇది బాగుంది.

స్క్వేర్ లాషింగ్ దగ్గర మాత్రం కోర్సు సామాను జాబితాయే అడ్డుపడుతుంది. జాబితాలో సాధారణంగా మూడు మీటర్ల తాడు అంటారు. పాత స్కౌటింగ్ లెక్క ప్రకారం రెండు కర్రల మందం కలిపి ఎన్ని అంగుళాలో అన్ని గజాల తాడు కావాలి. రెండంగుళాల వెదురు గెడలు రెండైతే నాలుగు గజాలు, అంటే దాదాపు మూడుమ్ముప్పావు మీటర్లు. మూడు మీటర్లతో మొదలుపెట్టినవాళ్లు చివరి క్లోవ్ హిచ్‌కి తాడు చాలక బిగింపు చుట్లు తగ్గించేస్తారు. సాయంత్రానికి గేటు ఊగుతుంది. నాలుగు మీటర్ల ముక్కలు నాలుగు తీసుకెళ్లండి. ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల జనపనార తాడు మంచిది. నైలాన్ తాడు చవక, చూడ్డానికి బాగుంటుంది, వెదురు మీద జారిపోతుంది.

కట్టే తీరు ఇదీ. నిలువు గెడకి, అడ్డగెడ ఆనే చోటికి కాస్త కింద క్లోవ్ హిచ్ వెయ్యాలి. వీలైతే కణుపుకి ఆనుకుని పైన వేస్తే ముడి కిందికి జారదు. మిగిలిన పొట్టి కొసని పొడుగు తాడు చుట్టూ మెలిపెట్టాలి. అడ్డగెడని ముడి మీద ఆనించి, తాడుని అడ్డగెడ ముందు నుంచి పైకి, నిలువు గెడ వెనక నుంచి అవతలికి, మళ్లీ అడ్డగెడ ముందు నుంచి కిందికి, నిలువు గెడ వెనక నుంచి ఇవతలికి తేవాలి. ఇది ఒక చుట్టు. ఇలాంటివి మూడో నాలుగో. ప్రతి కొత్త చుట్టూ అడ్డగెడ మీద పాత చుట్టుకి బయటివైపు, నిలువు గెడ మీద లోపలివైపు పడాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కింది చుట్టు ఎప్పటికీ బిగవదు. తర్వాత రెండు గెడల మధ్యగా, చుట్ల నడుమును పిసికినట్టు రెండు మూడు బిగింపు చుట్లు. కట్టుకి ప్రాణం అంతా వీటిలోనే ఉంది. చేత్తో లాగితే చాలదు. తాడుని చిన్న కర్రముక్కకి చుట్టి, కాలు గెడకి తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వేసి లాగాలి. చివరికి అడ్డగెడ మీద క్లోవ్ హిచ్.

తాడు తడిపి కట్టమని సలహా ఇచ్చే పెద్దమనుషులుంటారు. నార తాడు తడిస్తే కురచవుతుంది, ఆరితే సడలుతుంది. రాత్రి తడిపి కట్టింది పొద్దున ఎండెక్కేసరికి వదులవుతుంది. పచ్చి వెదురుదీ అదే గుణం, ఎండే కొద్దీ సన్నబడుతుంది. గాడ్జెట్లు (క్యాంపులో వాడుకోవడానికి వెదురుతో కట్టుకునే సామాన్లు) కట్టిన మర్నాడు మళ్లీ ఒకసారి అన్నీ ఊపి చూడాలి. పిల్లలు ఎక్కే మంచెలాంటిదైతే ప్రతిసారీ చూడాలి.

జెండా విషయం చిన్నదే అయినా నలుగురిలో పరువు తీస్తుంది. లాగగానే విచ్చుకోవాల్సిన జెండా స్తంభం పైన మూటలా ఉండిపోయి, కిందనున్నాయన తాడు గుంజుతూ చెమటలు కక్కడం ఎన్నో బడుల్లో పంద్రాగస్టున చూసే దృశ్యం. తప్పు మడతలో జరగదు, తాడుని ఎక్కువ చుట్లు తిప్పడంలో జరుగుతుంది. నిలువుగా మడిచి, ఎగిరే కొస నుంచి చుట్టుకుంటూ వచ్చాక తాడు మడతని ఒక్కసారి మాత్రమే కింద దోపాలి. పైకి పంపే ముందు నడుం ఎత్తులోనే ఒకసారి లాగి పరీక్షించి మళ్లీ చుట్టాలి. కోర్సులో ఇది అందరిచేతా చేయిస్తారు. ఇంటికొచ్చాక నెల తిరిగేలోపు మర్చిపోతారు కాబట్టి లాగ్ బుక్‌లో బొమ్మ వేసుకోండి.

వంట రోజు సరదాగా గడుస్తుంది. గిన్నెలు లేకుండా వండే వంటలో బంగాళాదుంపకి మట్టి పూసి నిప్పుల్లో పెట్టడం, పిండిని కర్రకి చుట్టి కాల్చడం చేయిస్తారు. దుంప లోపల పచ్చిగా ఉండిపోవడానికి కారణం మంటలో పెట్టడమే. మంట తగ్గి నిప్పులయ్యాక, పైన కూడా నిప్పులు కప్పాలి. పాట్రోల్ వంటకి ఎనిమిది మందికి కిలోంబావు బియ్యం, అరకిలో కందిపప్పు లెక్క వేసుకోండి. క్యాంపులో ఇంట్లో తిన్నంతే తిని ఎవరూ లేవరు. చెత్తకి పొడి గుంట, కడుగునీళ్లకి తడి గుంట వేరువేరుగా తవ్విస్తారు. తడి గుంట మీద పుల్లల జల్లెడ పరిచి పైన గడ్డి వేస్తే జిడ్డు గడ్డికి అంటుకుంటుంది, ఆ గడ్డిని రోజూ తీసి కాల్చెయ్యాలి. రెండో రోజు ఆ పని మానేస్తే మూడో రోజు ఈగలు చెబుతాయి.

దిక్సూచి, పటాలు, ఎత్తులు, దూరాల అంచనా ఒక పూటలో ముగించేస్తారు. ఇది చాలదు. ముల్లు తప్పు చూపిస్తోందంటే జేబులో ఫోనూ, నడుముకి బకిలూ ఉన్నాయేమో చూసుకోమని కూడా అందరు శిక్షకులూ చెప్పరు. హైక్‌కి (కాలినడక యాత్రకి) ముందురోజు రాత్రి మీ పాట్రోల్‌తో మీరే ఒకసారి సాధన చేసుకోండి.

పిల్లల భద్రత మీద కోర్సు ఇంకా చాలా పెరగాలి. ప్రపంచ స్కౌట్ సంస్థకి 'సేఫ్ ఫ్రం హార్మ్' అనే విధానం ఉంది, మనకి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. వీటి గురించి ఎంతసేపు చెబుతారన్నది ఆ కోర్సు నడిపే లీడర్‌ని బట్టి మారుతుంది. చెప్పినా చెప్పకపోయినా పాటించాల్సినవి ఇవీ: ఒక పెద్దవాడు ఒక పిల్లాడితో నలుగురి కంటా పడని చోట ఒంటరిగా ఉండకూడదు. క్యాంపులో పెద్దలు, పిల్లలు వేర్వేరు గుడారాల్లో పడుకోవాలి. ఏ హైక్‌కైనా కనీసం ఇద్దరు పెద్దలుండాలి. తల్లిదండ్రుల సంతకంతో అనుమతి కాగితం, అందులోనే పిల్లాడికి పడని మందులు, ఉబ్బసం, మూర్ఛ లాంటివి, రెండు ఫోన్ నంబర్లు. ఇక మన ప్రాంతపు హైకుల్లో అసలు గండం అడవిలో ఉండదు, నీళ్లలో ఉంటుంది. చెరువు, కాలువ, క్వారీ గుంట దారిలో ఉంటే ఆ దారి మార్చండి. "కాళ్లు కడుక్కుని వస్తాం సార్" అన్న మాటకి అనుమతి లేదు.

ఇప్పుడు ఆ ఎనిమిదో రోజు సంగతి. కోర్సు అయిపోయిన ఉత్సాహంలో బడికెళ్లి ముప్పై ఇద్దరినీ ఒకేసారి వరసలో నిలబెడితే అది ట్రూప్ అవ్వదు, పీటీ పీరియడ్ అవుతుంది. మొదటి నాలుగు వారాలు ఆరుగురినో ఎనిమిది మందినో మాత్రమే తీసుకోండి. వాళ్లే ఒక పాట్రోల్, మీరు వాళ్ల పాట్రోల్ లీడర్. ఐదో వారం వాళ్లలోంచి లీడర్లని విడదీసి, ఒక్కొక్కరికీ కొత్త పిల్లల్ని అప్పజెప్పండి. రెండు పాట్రోల్స్‌తో మొదలై నాలుగు దాకా వెళ్లొచ్చు. తల్లిదండ్రులు "మావాణ్ణి ఎందుకు తీసుకోలేదు" అని అడుగుతారు. వాళ్ల పిల్లల పేర్లు రాసుకుని తేదీ చెప్పండి, ఊరుకుంటారు.

తొంభై నిమిషాల ట్రూప్ మీటింగ్ ఇలా పంచితే నడుస్తుంది: జెండా, ప్రార్థన, ఇన్‌స్పెక్షన్ పది. చెమట పట్టే ఆట పది. పాట్రోల్ మూలల్లో లీడరు నేర్పే విద్య ఇరవై ఐదు. ఆ విద్యనే వాడాల్సిన పోటీ ఇరవై ఐదు. మళ్లీ పాట్రోల్ మూలల్లో వచ్చే వారం పంపకాలు పదిహేను. ముగింపు ఐదు. ఎక్కడ చెడుతుందంటే, మూడో భాగంలో మీరు మాట్లాడ్డం మొదలుపెట్టినప్పుడు. ఇరవై ఐదు నిమిషాలు మీవైపోతాయి, పిల్లలు గడ్డి పీకుతుంటారు. ఆ విద్య లీడర్లకి మీరు ముందురోజే నేర్పి ఉండాలి.

విజిల్ కూడా కోర్సులో నేర్పినట్టే వాడండి. ఒక పొడుగు ఊత అంటే నిశ్శబ్దం. వరసగా పొడుగు ఊతలు నెమ్మదిగా వస్తే చెదిరిపోవాలి. పొట్టి ఊతలు టకటకా వస్తే పరుగెత్తి రావాలి. మూడు పొట్టి, ఒక పొడుగు అయితే పాట్రోల్ లీడర్లు మాత్రమే రావాలి. పీటీ సార్లు ఊదినట్టు ఆగకుండా ఊదితే రెండు వారాల్లో ఆ చప్పుడుకి విలువ పోతుంది. లీడర్లని పిలిచే ఊత ఎక్కువ వాడే యూనిట్‌లో మాస్టరు గొంతు పోదు.

తర్వాతి మెట్లు: యూనిట్ నమోదు, మీ పేరు మీద వారంట్ (నియామక పత్రం), కొంతకాలం నడిపాక అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆపైన రెండు చెక్క పూసల హిమాలయ వుడ్ బ్యాడ్జ్. జాతీయ శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది. వీలుంటే ఒక్క కోర్సయినా అక్కడ చెయ్యండి, కొండలూ అడవీ సగం పాఠం అవే చెబుతాయి. రైల్వే స్కౌట్స్ కోటా ఉద్యోగాలకి రాష్ట్రపతి పురస్కారం గానీ ఈ వుడ్ బ్యాడ్జ్ గానీ అడుగుతారు కాబట్టి పూసల కోసమే వచ్చే కుర్రాళ్లూ ఉంటారు. అందులో తప్పు పట్టడానికేం లేదు, వాళ్లలో మంచి లీడర్లయినవాళ్లూ ఉన్నారు. కానీ వెనక యూనిట్ లేకుండా కోర్సు మీద కోర్సు చేసుకుంటూ పోయే మనిషి అడ్వాన్స్‌డ్‌లో ఇట్టే తేలిపోతాడు. "మీ ట్రూప్‌లో ఇది చేసినప్పుడు ఏమైంది" అని శిక్షకుడు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

నాలుగైదు నెలల్లో బదిలీ ఉన్నవాళ్లు, శనివారాలు ఖాళీ లేనివాళ్లు ఇప్పుడే వెళ్లొద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిరభ్యంతరంగా వెళ్లొచ్చు. స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ పేరుతో బీపీ సిక్స్ అనే పొద్దుటి ఆరు కసరత్తులూ ఎవరి ఓపికని బట్టి వాళ్లు చేసేవే. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు మొదటి రోజే కోర్సు లీడర్‌కి కాగితం మీద రాసివ్వాలి, ఎందుకంటే వంట పాట్రోల్ చేతిలో ఉన్నప్పుడు మధ్యాహ్నం భోజనం మూడింటికీ రావచ్చు. వేయించిన శనగలు అరకిలో సంచిలో పెట్టుకోండి. డిసెంబరు, జనవరి కోర్సయితే దుప్పటి రెండోది.